కోతా, కరెంటా? మా ఇంట్లో రెండూ చూశాం

మీ అన్నయ్యకు స్వరతంత్రి మీద క్యాన్సర్ గడ్డ ఉందని, ఒక డాక్టరు ఆపరేషన్ అంటే ఇంకొకరు రేడియేషన్ చాలంటున్నారని, ఎవరి మాట వినాలని అడిగారు. నేను డాక్టరును కాను. మా ఇంట్లో నాలుగేళ్ల తేడాతో ఇద్దరికి ఈ జబ్బు వచ్చింది. నాన్నకు కరెంటు పెట్టారు, మేనమామకు కోశారు. విశాఖలో రేడియేషన్‌ను చాలామంది ఇప్పటికీ కరెంటు అనే అంటారు. ఆ మాట విని మొదటిరోజు అమ్మ షాక్ కొడుతుందేమోనని హడలిపోయింది.

నాన్న ఫిషింగ్ హార్బరులో చేపల వేలం పాడేవారు. గొంతు బొంగురుపోతే సముద్రపు గాలి పడలేదనుకుని మూడు నెలలు మిరియాల కషాయం తాగించాం. మూడు వారాలు దాటిన బొంగురుకు కషాయం కాదు, గొంతు డాక్టరు కావాలని అప్పటికి మాకు తెలియదు. అయినా అదృష్టవంతులమే. స్వరతంత్రి మీద పుట్టిన గడ్డ గొంతు మార్చి తనను తానే పట్టిస్తుంది. అక్కడ లింఫ్ నాళాలు చాలా తక్కువ కాబట్టి మెడలోని గ్రంథులకు త్వరగా పాకదు కూడా. నాన్నది టీ1 దశ. టీ పక్కన అంకె గడ్డ ఎంత పాకిందో చెబుతుంది, ఒకటంటే ఇంకా తంత్రులు దాటలేదని. ఆ దశలో లేజరుతో గడ్డను కోసి తీసినా, రేడియేషన్ పెట్టినా దాదాపు 90 శాతం మందికి నయమవుతుందని చెప్పారు.

అంటే అక్కడ ప్రాణం గురించి కాదు, గొంతు గురించి, రేపటి గురించి ఆలోచించాలి. లేజరును నోటి గుండానే చేస్తారు, మెడ మీద కోత ఉండదు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి రావచ్చు. జబ్బు తిరగబెడితే మళ్లీ లేజరు చేయవచ్చు, రేడియేషన్ కూడా చేతిలో మిగిలి ఉంటుంది. కరెంటు అలా కాదు. ఒకచోట పూర్తి మోతాదు పడ్డాక సాధారణంగా అక్కడే మళ్లీ ఇవ్వరు. అప్పుడిక మిగిలేది కోతే. మరి నాన్న కరెంటే ఎందుకు ఎంచుకున్నారంటే, గడ్డ రెండు తంత్రులూ ముందువైపు కలిసే మూల దాకా పాకింది. అక్కడ లేజరుతో చెక్కితే మచ్చకట్టి గొంతు గరుకుగా ఉండిపోయే ప్రమాదం ఎక్కువ. వేలంపాట పాడే మనిషికి అది కూడు పోయినట్టే.

మొత్తం 28 సిట్టింగులు, వారానికి ఐదు రోజులు. వేడినీళ్లలో మెత్తబరచిన జల్లెడలాంటి ప్లాస్టిక్ మాస్కును ముఖానికి అచ్చుపోసి, దానితో తలను బల్లకు కదలకుండా బిగిస్తారు. బల్ల మీద ఉండేది కొద్ది నిమిషాలే, నొప్పి తెలియదు. మూడో వారం నుంచి మాత్రం ఉమ్మి మింగితే ముల్లు దిగినట్టుండేది. రాగి జావ, మజ్జిగన్నం మీద నెట్టుకొచ్చారు. మానేస్తానని రెండుసార్లు మొరాయించారు. మధ్యలో మానడమంటే గడ్డకు ఊపిరి పోయడమేనని అక్కడి టెక్నీషియన్ గట్టిగా కసిరితే లొంగారు. గొంతు ముందు ఇంకా పాడై, తర్వాత నెమ్మదిగా తేరుకుంది.

మామయ్య కథ వేరు. చుట్ట మనిషి, ఆలస్యంగా చూపించుకున్నాడు. గడ్డ స్వరపేటిక మృదులాస్థిని తినేసి బయటికి వచ్చింది, టీ4. "బావకు కరెంటుతో తగ్గింది, నాకూ అదే పెట్టండి" అని పట్టుబట్టాడు. డాక్టరు ఓపికగా చెప్పారు. 1991లో అమెరికాలో 332 మందితో చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయట. ముందు కీమో ఇచ్చి తర్వాత రేడియేషన్ పెట్టినవారూ, స్వరపేటిక తీయించుకుని రేడియేషన్ తీసుకున్నవారూ సుమారు సమానంగానే బతికారు. మొదటి జట్టులో 64 శాతం మందికి స్వరపేటిక దక్కింది. కానీ టీ4 గడ్డలున్నవారిలో సగానికి పైగా చివరికి కోయించుకోక తప్పలేదు. కరెంటు పడిన మెడను తర్వాత కోస్తే గాయం సరిగ్గా మానదు, ఉమ్మి కారుతూ ఉండవచ్చు. కాబట్టి ముందే కోశారు, ఆ తర్వాత 30 సిట్టింగులు. ఖర్చు వైద్య సేవ కార్డు మీద జరిగింది.

స్వరపేటిక తీసేస్తే జీవితాంతం మెడ మీది రంధ్రంతోనే ఊపిరి. పోర్టు బొగ్గు దుమ్ముకు అడ్డంగా మామయ్య ఎప్పుడూ తడి గుడ్డ కట్టుకుంటాడు. సముద్రస్నానం మానేశాడు. అత్యవసరంలో ఆక్సిజన్ నోటికి కాదు, మెడకు పెట్టాలని రాసిన కాగితం జేబులో ఉంటుంది. శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య చిన్న వాల్వు అమర్చాక మాట వచ్చింది. మొదట పలికింది బూతు. అత్తయ్య నవ్వుతూనే ఏడ్చింది.

ఒక కోపం ఇంకా తీరలేదు. మామయ్యను మొదట చూపించిన చోట పళ్ల ఊసే ఎవరూ ఎత్తలేదు. దవడకు రేడియేషన్ పడ్డాక పన్ను పీకితే ఎముక కుళ్లిపోయే ప్రమాదం ఉంటుంది. రెండో డాక్టరు చూసి పుచ్చు దంతాలు ముందే తీయించారు. చికిత్స అయ్యాక థైరాయిడ్ పరీక్ష కూడా అప్పుడప్పుడు చేయించాలి, అది మందగించవచ్చు.

బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసిన పరీక్ష) కాగితంతో పాటు ఆ ముక్క ఉన్న స్లైడ్లు (గాజు పలకలు), బ్లాకులు (మైనపు దిమ్మలు) కూడా అడిగి తీసుకోండి. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, రెండో అభిప్రాయానికి ముంబయి దాకా పరుగెత్తనక్కర్లేదు. సర్జన్‌నూ, రేడియేషన్ డాక్టరునూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి అడగండి: "ఇది తిరగబెడితే మా దగ్గర మిగిలేది ఏమిటి?"

రిపోర్టులో టీ పక్కన ఏ అంకె ఉందో, తంత్రి కదులుతోందో లేదో, మీ అన్నయ్య ఇంకా పొగ తాగుతున్నారో లేదో రాయండి. నాన్నను, మామయ్యను అడిగి చెబుతాను.