సెలవుల్లో పిల్లల్ని పనికి పంపొచ్చా?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. అబ్బాయికి 16 ఏళ్లు, పదో తరగతి పరీక్షలు రాశాడు. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలాకి కుర్రాడు కావాలని ఒకాయన అడుగుతున్నారు, అడ్వాన్సు కూడా ఇస్తారట. అమ్మాయికి 12. ఏజెంటు ఇచ్చే లేసు నాతోపాటు తనూ అల్లుతానంటోంది. సెలవులే కదా, చేయనివ్వొచ్చా?
– ఒక తల్లి

జవాబు: అబ్బాయిని కాపలాకి పంపకండమ్మా. 14 నిండి 18 నిండని పిల్లలు ప్రమాదం లేని పనులు చేయొచ్చు. కానీ రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా వాళ్లతో పని చేయించకూడదని బాలకార్మిక చట్టం చెబుతోంది. చెరువు కాపలా అంటేనే రాత్రి పని. పైగా ఆ వేళంతా ఏరియేటర్లు, అంటే చెరువు నీళ్లకి గాలి అందించే కరెంటు యంత్రాలు, తిరుగుతూ ఉంటాయి. గట్టు మీంచి నీళ్లలోకి వెళ్లే కేబుల్‌కి అతుకులుంటే, చుట్టిన టేపు తడికి వదులైపోయి కరెంటు నీళ్లలోకి దిగుతుంది. ఏరియేటరు ఆగిందని నిద్రమత్తులో మెయిన్ స్విచ్ కట్టేయకుండా నీళ్లలోకి దిగాడంటే ప్రాణాల మీదికే వస్తుంది. రొయ్యలు పట్టే రోజున కూడా దూరంగానే ఉంచండి. రొయ్య నల్లబడకుండా వాడే మెటాబైసల్ఫైట్ పొడి నీళ్లలో కలిపితే ఘాటైన గ్యాసు వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకి అక్కడికక్కడే ఊపిరాడదు.

పగటి పని ఏదైనా దొరికితే పంపొచ్చు. మూడు గంటలకి మించి ఏకబిగిన చేయించకూడదు, ఆ తర్వాత కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతితో కలిపి రోజు మొత్తం 6 గంటలు దాటకూడదు. ఓవర్‌టైం లేదు, వారానికో సెలవు తప్పనిసరి. అడ్వాన్సు మాత్రం ఒక్క రూపాయి కూడా తీసుకోకండి. బాకీ తీరేదాకా పనిలోనే ఉండాలంటారు, ఈలోగా ఇంటర్ అడ్మిషన్లు అయిపోతాయి. అప్పు కింద మనిషిని పనిలో కట్టిపడేయడం 1976 నుంచీ నేరమే. కూలి వారం వారం వాడి ఖాతాలోనే పడేలా మాట్లాడుకోండి. పదేళ్లు దాటిన పిల్లలు సేవింగ్స్ ఖాతా సొంతంగా నడుపుకోవచ్చు.

అమ్మాయి విషయంలో చాలామంది పొరబడుతున్నారు. 14 లోపు పిల్లలు బడి అయ్యాక, సెలవుల్లో ఇంటివాళ్లకి సాయం చేయొచ్చని చట్టంలో ఉన్న మాట నిజమే. అయితే ఆ సాయం కుటుంబానికి డబ్బు తెచ్చే ఉత్పత్తిలో భాగం కాకూడదని 2017 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. దారం ఏజెంటుది, ఆర్డరు ఏజెంటుది, కూలి పీసుకింత. ఇంట్లో కూర్చుని అల్లినా అది ఆయన పనే. ఆర్డరు ముక్క అమ్మాయి చేతికివ్వకండి. గడువు దగ్గర పడిందంటే సాయంత్రం బల్బు కింద మెడ వంచుకుని కూర్చోక తప్పదు, తెల్లదారం మీద చూపు నిలిపి నిలిపి కళ్లు మండుతాయి.

అల్లిక విద్య నేర్పడం వేరే సంగతి, అది నేర్పండి. మీరు కొన్న దారం, కాస్త లావుది ఇవ్వండి. ముందు గొలుసు అల్లిక, అది సమానంగా వచ్చాకే పువ్వు. తప్పు వస్తే విప్పి మళ్లీ అల్లనివ్వండి. పగటి వెలుగులో, తనకి ఇష్టమైనంతసేపే.

ప్రశ్న: కడియంలో మొక్కల నర్సరీ ఉంది. 15 ఏళ్ల కుర్రాణ్ని సెలవుల్లో పెట్టుకోవచ్చా?
– ఒక రైతు

జవాబు: పెట్టుకోవచ్చు. కవర్లకి మట్టి నింపడం, కలుపు తీయడం, నీళ్లు పెట్టడం వరకే. పురుగుమందు కలపనివ్వకండి, పిచికారీ చేయించకండి, లారీకి పెద్ద కుండీలు ఎత్తించకండి. పైన చెప్పిన వేళలన్నీ మీకూ వర్తిస్తాయి. రిజిస్టరులో పేరు, పుట్టినతేదీ, పని వేళలు, విశ్రాంతి సమయం, పని రకం రాయాలి. 30 రోజుల్లోగా లేబర్ ఇన్‌స్పెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. వయసు నోటిమాట మీద నమ్మకండి, పుట్టినతేదీ సర్టిఫికెట్టు జిరాక్సు దగ్గర పెట్టుకోండి. 14 నిండకుండా పెట్టుకున్నారని తేలితే 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కుర్రాడితోపాటు తమ్ముణ్ని కూడా తీసుకొస్తే, వాడికి ఓ కవరు చేతికిచ్చి కూర్చోబెట్టకండి, ఇంటికి పంపించేయండి.