కేసు పెట్టాం సరే, స్టేషన్‌లో ఎవరూ ఏమీ చెప్పడం లేదు

ప్రశ్న: మాది హిందూపురం. మా చెల్లెలు బెంగళూరు మారతహళ్లిలో లేడీస్ పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తోంది. రెండు నెలల కిందట బాత్రూం వెంటిలేటర్ దగ్గర ఫోన్ పెట్టి వీడియో తీస్తున్న పనివాణ్ణి పట్టుకుని పోలీసులకు అప్పగించారు. ఎఫ్ఐఆర్ అయింది, వాడు మర్నాడే బెయిలు మీద వచ్చేశాడు. స్టేషన్‌కి వెళ్తే "సమన్లు వస్తాయి, అప్పుడు రండి" అంటున్నారు. ఆ వీడియో కాపీ ముద్దాయికి కూడా ఇస్తారని ఎవరో చెప్పారట. అప్పట్నుంచి చెల్లి కేసే వద్దంటోంది. పీజీ ఓనరేమో రాజీ చేసుకోమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు వీడియో సంగతి చెబుతాను, మీ చెల్లెలి భయమంతా దాని చుట్టూనే ఉంది కాబట్టి.

ఛార్జిషీటుతో పాటు దాఖలైన పత్రాలన్నీ ముద్దాయికి ఇవ్వాలన్నది మామూలు నియమం. కానీ కేరళ నుంచి వచ్చిన పి. గోపాలకృష్ణన్ కేసులో 2019 నవంబరు 29న సుప్రీంకోర్టు దీనికి హద్దు గీసింది. మెమరీ కార్డులో ఉన్నది బాధితురాలి గోప్యతకు సంబంధించినదైతే ముద్దాయి, అతని లాయరు, నిపుణుడు కోర్టు అనుమతితో చూడొచ్చు తప్ప కాపీ ఇవ్వకూడదు. చిక్కల్లా ఏమిటంటే ఇది దానంతటది జరగదు. స్టేషన్ వాళ్లు పెన్‌డ్రైవ్‌ని మామూలు కాగితాల్తో కలిపి పెట్టేస్తారు. ముద్దాయి హాజరైన 14 రోజుల్లో కాపీలివ్వాలని బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 230వ సెక్షన్ చెబుతోంది కాబట్టి కోర్టు ఆఫీసులో ఎవరో ఒకరు కాపీ తీసి ఇచ్చేసే ప్రమాదముంది. అందుకే ఛార్జిషీటు పడకముందే దర్యాప్తు అధికారికి, ప్రభుత్వ ప్రాసిక్యూటరుకి ఒక్కో లేఖ ఇవ్వండి: వీడియోను సీల్డు కవరులో దాఖలు చేయాలి, కాపీ ఇవ్వొద్దంటూ ప్రాసిక్యూటరు మెమో వేయాలి. కోర్టులో కేసు నంబరు పడగానే మీ లాయరు చేత కూడా ఇదే మాట మీద పిటిషన్ వేయించండి.

వాడు మర్నాడే ఎలా బయటికొచ్చాడని మీకు అనుమానం ఉండొచ్చు. పోలీసులు కుమ్మక్కయ్యారనుకోనక్కర్లేదు. చాటుగా వీడియో తీయడం బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 77వ సెక్షన్ కింద నేరం, మొదటిసారి అయితే ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు. ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ రెండూ బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా దొరుకుతుంది. ఆ క్లిప్ ఎవరికైనా పంపినట్టు తేలి, అందులో ఉన్నదాన్ని బట్టి ఐటీ చట్టం 67ఏ (లైంగిక చర్య చూపే దృశ్యాలను పంపడం) వర్తిస్తే సంగతి మారుతుంది, అది నాన్ బెయిలబుల్. కాబట్టి ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చి సెక్షన్లు చూడండి, కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే. ఐటీ చట్టం సెక్షన్లుంటే దర్యాప్తు చేసేవారు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదు. ఎస్సై పేరుంటే ఇప్పుడే ఎత్తి చూపండి, లేకపోతే రేపు డిఫెన్సు లాయరు ఎత్తుకుంటాడు.

"సమన్లు వచ్చాక రండి" అన్నది సరైన జవాబు కాదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదికి గానీ బాధితురాలికి గానీ తెలపాలని బీఎన్ఎస్ఎస్ 193(3) అంటోంది. ఫోన్‌లో చెప్పినా, మెసేజ్ పెట్టినా చాలు. ఆ గడువుకింకా నెల ఉంది. నోటితో అడిగి ఊరుకోకుండా కాగితం మీద రాసి, క్రైం నంబరు (ఎఫ్ఐఆర్ నంబరు) వేసి, స్టేషన్‌లో ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఏం అడగాలంటే: సీజ్ చేసిన ఫోన్ ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) మహజరులో, అంటే పంచనామాలో, రాశారా, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి సీల్ చేశారా (లేకపోతే దూరం నుంచే చెరిపేయొచ్చు), మడివాళ ఫోరెన్సిక్ ల్యాబుకి ఏ తేదీన పంపారు, పీజీ సీసీటీవీ డీవీఆర్ (రికార్డింగు ఉండే పెట్టె) తీసుకున్నారా. ఈ చివరిది ఈపాటికే చేయి దాటిపోయి ఉండొచ్చు, చాలా పీజీల్లో పాత రికార్డింగు మీదే కొత్తది ఎక్కేస్తుంది. అయినా అడగండి. వాడు క్లిప్ చెరిపేశాడని బెంగ పడకండి. తీయడమే నేరం, ఎవరికైనా పంపి తీరాలనేం లేదు. చెరిపినవి ల్యాబులో తిరిగి దొరికే అవకాశమూ ఉంది. జవాబు రాకపోతే అదే లేఖను ఏసీపీకి, డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం అయిందా? 77 సెక్షన్ కేసుల్లో బీఎన్ఎస్ఎస్ 183 ప్రకారం అది తప్పనిసరి, వీలైనంతవరకు మహిళా మేజిస్ట్రేటే తీసుకోవాలి. మీ చెల్లెలికి కన్నడ అంతంత మాత్రమే అయితే తెలుగులో చెబుతానని ముందే అడగాలి. రాసుకున్నదాన్ని అర్థమయ్యే భాషలో చదివి వినిపించాకే సంతకం చేయాలి. తేదీ, ఏ అంతస్తు, వెంటిలేటరు ఎటువైపు, ఫోన్ మొదట ఎవరు చూశారు అన్నవి ఎఫ్ఐఆర్‌లో ఒకలా, ఇక్కడ ఒకలా ఉంటే క్రాస్ ఎగ్జామినేషన్ అంతా దాని మీదే నడుస్తుంది.

పేరు బయటికి రాదులే అని ధీమాగా ఉండకండి. బాధితురాలి పేరు వెల్లడించడాన్ని నేరం చేసిన బీఎన్ఎస్ 72 అత్యాచారం కేసులకే వర్తిస్తుంది, 77కి కాదు. చట్టంలో ఇది లోటేనని నా అభిప్రాయం. దీనికి మందు కోర్టులో ఉంది. మూసిన గదిలో విచారణ, ముద్దాయి కనబడకుండా తెర ఇవ్వాలని పిటిషన్ వేయండి. లైంగిక వేధింపుల కేసుల్లో తగినచోట ఇవి కల్పించాలని సుప్రీంకోర్టు 2022లో ఒక మధ్యప్రదేశ్ కేసులో చెప్పింది. లైంగిక నేరాల ఎఫ్ఐఆర్‌లు వెబ్‌సైట్‌లో పెట్టకూడదన్నది 2016 నాటి సుప్రీంకోర్టు ఆదేశం. మీది కర్ణాటక పోలీసు సైటులో కనిపిస్తోందేమో ఒకసారి చూసుకోండి.

రాజీ మాటకొస్తే, 77 రాజీ కుదుర్చుకోగల సెక్షన్ కాదు. ఓనరు తెచ్చే తెల్ల కాగితం మీద సంతకం పెడితే కేసు పోదు గానీ సాక్ష్యం మాత్రం చెడుతుంది. ముద్దాయి కేసు కొట్టేయమని హైకోర్టుకి వెళ్తే మీ చెల్లెల్ని ప్రతివాదిగా చేర్చి నోటీసు పంపుతారు. పీజీ మారితే కొత్త చిరునామా స్టేషన్‌లో ఇవ్వండి, లేదంటే ఆ నోటీసు పాత పీజీకే పోతుంది. బెదిరింపులొస్తే సాక్షుల రక్షణ పథకం, 2018 కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సెక్షన్ దాని పరిధిలోనే ఉంది.

క్లిప్ ఎక్కడైనా ఆన్‌లైన్‌లో కనిపిస్తే డౌన్‌లోడ్ చేయకండి, సాక్ష్యమని వాట్సాప్‌లో పంపకండి, అలా పంపడమూ నేరమే అవుతుంది. లింకు, తేదీ, సమయం రాసుకుని సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేసి, ఆ యాప్ గ్రీవెన్స్ అధికారికి కూడా రాయండి. ఇలాంటివి తీసేయడానికి వాళ్లకు 2026 ఫిబ్రవరి వరకు 24 గంటల గడువుండేది, ఇప్పుడది రెండు గంటలే.

లాయరు ఖర్చుకి వెనకాడొద్దు. ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా ఉచిత న్యాయ సహాయం హక్కు. బెంగళూరు సిద్దయ్య రోడ్డులో రాష్ట్ర న్యాయ సేవల సంస్థ ఉన్న న్యాయ దేగుల భవనానికి వెళ్లండి, లేదా న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. కోర్టు అనుమతిస్తే ఆ లాయరు ప్రాసిక్యూటరుకి తోడుగా ఉంటారు. సాక్ష్యం రోజు వాళ్లు పక్కనుండడం ముఖ్యం. క్రాస్‌లో అసభ్యమైన ప్రశ్న వస్తే అక్కడికక్కడే అభ్యంతరం చెప్పాలి, జడ్జి ఆపగలరు. జవాబు రికార్డయిపోయాక చెబితే లాభం ఉండదు.