పాఠకుల ప్రశ్నలు: ఓడల లెక్కలు, అప్పు కాగితాలు

ప్రశ్న: మా తాత దొర దగ్గర భాగేలాగా బతుకు వెళ్ళదీశాడు. అమెరికా బానిసత్వం, మన వెట్టి రెండూ ఒకటేనని సభల్లో వక్తలు అంటుంటారు. ఆ మాట సరైనదేనా?
(ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ)

జవాబు: మనుషులు పడ్డ బాధను తూచి ఏది ఎక్కువ, ఏది తక్కువ అని తేల్చడం ఎవరివల్లా కాదు. అయితే ఆ రెండు చోట్లా మనిషిని కట్టిపడేసిన బంధం ఒకటి కాదు. ఆ తేడా చూడకుండా రెండూ ఒకటే అనేస్తే రెండూ అర్థం కాకుండా పోతాయి.

భాగేలాకు మూలం అప్పు. పెళ్ళికో, తిండిగింజలకో దొర దగ్గర చేబదులు తీసుకున్నవాడు దానికి బదులుగా చాకిరీకి కుదిరేవాడు. చేసిన చాకిరీ వడ్డీ కిందికే పోయేది కనుక అసలు అలాగే నిలిచి, తండ్రి కాలం చేశాక కొడుకు మెడకు చుట్టుకునేది. నిజాం ప్రభుత్వం 1936లో భాగేలా ఒప్పందాలను అదుపు చేస్తూ ఒక నిబంధన తెచ్చింది గాని, చదువురాని జీతగాడు దొర మీద కచేరీకి వెళ్ళి నెగ్గుకురాగల రోజులు కావవి. వెట్టికైతే అప్పు కూడా అక్కరలేదు, పుట్టిన కులమే చాలు. బట్టలుతికేవారు, కుండలు చేసేవారు, చెప్పులు కుట్టేవారు ఎవరి వృత్తి పని వారు గడీకి ఊరకనే చేసిపెట్టాలి. 1940లలో నల్లగొండ జిల్లా పల్లెలు ఆయుధం పట్టడానికి ఉన్న ప్రధాన కారణాల్లో ఇదొకటి.

అట్లాంటిక్ తీరాలలో అప్పు ప్రసక్తే లేదు. అక్కడ చట్టమే మనిషిని ఆస్తిగా రాసుకుంది. బిడ్డ స్వేచ్ఛ గలదా, బానిసా అన్నది తల్లి స్థితిని బట్టే తేలుతుందని వర్జీనియా వలస ప్రాంతం 1662లో శాసనం చేసింది. ఆంగ్లేయుల ఆచారంలో బిడ్డకు తండ్రి స్థితి సంక్రమించేది. యజమానులకు బానిస స్త్రీల వల్ల కలిగిన పిల్లలు కూడా బానిసలుగానే మిగలాలంటే ఆ ఆచారాన్ని తలకిందులు చేయక తప్పలేదు. ఈ ఒక్క శాసనం ఎంత దూరం పోయిందో రెండు అంకెలు చెబుతాయి: ఇప్పటి అమెరికా సంయుక్త రాష్ట్రాల భూభాగానికి ఆఫ్రికా నుంచి ఓడల్లో చేరినవారు సుమారు 4 లక్షలు కాగా, 1860 జనాభా లెక్కల నాటికి అక్కడి బానిసలు దాదాపు 40 లక్షలు. మీ తాతగారి అప్పు, పేరుకైనా సరే, ఎప్పటికో ఒకనాటికి తీరగలిగినది. అక్కడ తీర్చడానికి అప్పంటూ లేదు. యజమాని చనిపోతే వీలునామాలో పశువుల తర్వాతనో, ముందో మనుషుల పేర్లూ, పక్కన వారి వెలా ఉండేవి.

ప్రశ్న: ఆఫ్రికా నుంచి మొత్తం ఎంతమందిని తీసుకుపోయారు? ఓడల్లో ఎలా ఉంచేవారు?
(డిగ్రీ విద్యార్థిని, వనపర్తి)

జవాబు: 16వ శతాబ్దం మొదలుకొని 1866 దాకా ఓడలెక్కించినవారు సుమారు కోటీ 25 లక్షల మంది, అవతలి ఒడ్డున దిగినవారు సుమారు కోటీ 7 లక్షల మంది అని ప్రయాణాల రికార్డులను ఒక్కొక్కటిగా పోల్చిచూసిన చరిత్రకారుల అంచనా. తక్కిన 18 లక్షల మంది నడిసముద్రంలోనే పోయారు. ఆఫ్రికా లోతట్టు నుంచి తీరానికి నడిపించిన దారిలో పోయినవారు ఈ లెక్కలో లేరు. బానిసత్వం అనగానే మనకు అమెరికా పత్తి చేలు గుర్తుకొస్తాయి గాని, అందరికంటే ఎక్కువ మందిని, అంటే 48 లక్షలకు పైగా, దింపుకున్నది చెరకు తోటలూ గనులూ ఉన్న బ్రెజిల్.

లివర్‌పూల్‌కు చెందిన బ్రూక్స్ అనే ఓడ అడుగు భాగాన్ని మనుషులతో సహా గీసిన పటాన్ని బానిస వ్యాపారాన్ని వ్యతిరేకించినవారు 1788లో అచ్చువేసి పంచారు. ఒక్కో మగవాడికి ఇచ్చిన చోటు ఆరడుగుల పొడవు, పదహారు అంగుళాల వెడల్పు. జానెడున్నర కంటే ఏమంత ఎక్కువ కాని ఆ వెడల్పులో వారాల తరబడి సంకెళ్ళతో పడుకోవాలి. ఆ పటంలో ఉన్నది బ్రిటిష్ చట్టం అనుమతించిన 454 మంది లెక్క. అంతకుముందు అదే ఓడ 600 మందికి పైగా మోసింది.

జాంగ్ అనే మరో ఓడ ఉదంతం కూడా చెప్పాలి. 1781లో జమైకాకు పోతూ దారి తప్పిన ఆ ఓడ సిబ్బంది, నీళ్ళు చాలవన్న సాకుతో సుమారు 130 మంది ఆఫ్రికన్లను బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. తర్వాత ఓడ యజమానులు తలకు 30 పౌన్ల చొప్పున బీమా సొమ్ము అడిగారు. 1783లో లండన్ న్యాయస్థానం ముందుకు వచ్చింది హత్య కేసు కాదు, బీమా తగాదా. మొదట జ్యూరీ యజమానుల పక్షాన తీర్పు చెప్పింది. నడుమ వాన కురిసిందని బయటపడ్డాక పునర్విచారణకు ఆదేశించారు. హత్యానేరం మాత్రం ఎవరి మీదా మోపలేదు.

ప్రశ్న: మన నేతబట్టకూ ఆ వ్యాపారానికీ సంబంధం ఉందని విన్నాను. నిజమా?
(ఒక చేనేత కార్మికుడు, పుట్టపాక)

జవాబు: నిజమే. ఆఫ్రికా తీరంలో మనుషులను కొనడానికి యూరపు వర్తకులు ఇచ్చిన సరుకుల్లో తుపాకులు, సారాయి, ఇనుముతో పాటు భారతీయ నూలుబట్ట ముఖ్యమైనది. మచిలీపట్నం మొదలు దక్షిణాదికి కోరమాండల్ తీరంలో కొన్న నీలిబట్ట, గళ్ళబట్ట లండన్ చేరి, అక్కడ వేలంపాటలో అమ్ముడై, బానిస ఓడల్లో పశ్చిమాఫ్రికాకు పోయేది. తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని భారతీయ అద్దకం బట్టల వాడకాన్ని ఇంగ్లండు చట్టం చేసి నిషేధించినప్పుడు కూడా, వాటిని తిరిగి ఎగుమతి చేసుకునే వీలు మాత్రం అట్టేపెట్టింది. మాంచెస్టరు మిల్లులు అలాంటి బట్టే నేసి పంపితే, ఆఫ్రికా కొనుగోలుదారులు రంగూ నేతా చూసి ఇది అసలుది కాదని పక్కన పెట్టిన సందర్భాలున్నాయి. బయానా తీసుకుని మగ్గానికి కట్టుబడిన నేతగాడికి తన బట్ట ఎక్కడికి పోతుందో తెలిసే దారే లేదు కనుక ఆ పాపంలో అతనికి వాటా వేయడం న్యాయం కాదు. మీ ఊరి తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు పోయిన కథ వేరు, దీనితో కలపకండి.

ప్రశ్న: బానిసత్వం రద్దయ్యాక వారికి నష్టపరిహారం ఇచ్చారా? అడ్వాన్సు తీసుకుని మేస్త్రీ వెంట వలసపోయే మా పాలమూరు లేబర్‌కు చట్టం ఏం చెబుతుంది?
(ఒక పాఠకుడు, మక్తల్)

జవాబు: ఇచ్చారు, కాని బానిసలకు కాదు, యజమానులకు. 1833 చట్టం ప్రకారం బ్రిటన్ 2 కోట్ల పౌన్లు యజమానులకు పంచింది; అందుకు చేసిన అప్పు బాకీ 2015లో గాని పూర్తిగా తీరలేదు. విడుదలైనవారిలో అత్యధికులు 1838 దాకా పాత యజమాని దగ్గరే జీతం లేని చాకిరీ చేయాల్సి వచ్చింది. ఆ చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని మన ప్రాంతాలకు వర్తించలేదు. ఇక్కడి న్యాయస్థానాలు బానిస మీద యజమాని హక్కును గుర్తించరాదన్న చట్టం 1843లో వచ్చింది. చెరకు తోటల్లో ఖాళీ అయిన చోటికి ఒప్పంద కూలీలను ఎక్కించిన ఓడలు 1834 నుంచే మారిషస్‌కు వెళ్ళాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళిన తెలుగువారిని అక్కడ నేటికీ ఆ రేవు పేరుతోనే పిలుస్తారు.

ఇక మీ రెండో ప్రశ్న. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది. 1976 చట్టం కట్టుబానిస అప్పులన్నిటినీ రద్దు చేయడమే కాక, అది అలాంటి అప్పు కాదని రుజువు చేసే భారాన్ని అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. అడ్వాన్సు తీసుకున్నంత మాత్రాన ఎవరూ కట్టుబానిస కారు. ఆ అడ్వాన్సు చూపి పని మాననివ్వకపోతే, వేరే చోటికి కదలనివ్వకపోతే చట్టం కిందికి వస్తుంది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసి, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని, ఆకలి చేసే బలవంతం కూడా బలవంతమేనని చెప్పింది. అలాంటి పరిస్థితిలో ఉన్నవారు జిల్లా కలెక్టరుకు గాని ఆర్డీవోకు గాని ఫిర్యాదు చేయవచ్చు. విచారించి విడిపించి, పునరావాసం చూడవలసిన బాధ్యత వారిదే.