పాత సెడాన్ కొంటున్నారా? మైళ్ల కంటే ముందు కింద చూడండి

"పదిహేనేళ్ల క్యామ్రీ అన్నా, రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగింది, తీసుకోవచ్చా?" చలిదేశానికి కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. తీసుకోవచ్చు. టొయోటా క్యామ్రీ, హోండా అకార్డ్ లాంటి బండ్లకి ఆ తిరుగుడు పెద్ద లెక్క కాదు. వాటి ప్రాణం తీసేవి రెండు: తుప్పు, మార్చకుండా వదిలేసిన ఆయిళ్లు.

మంచు పడే దేశాల్లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పైన పెయింటు తళతళలాడుతున్నా కింద ఇనుము తినేసి ఉండొచ్చు. జాకీ పెట్టే చోటు, వెనక చక్రాల తోరణాలు, సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్‌ని మోసే కింది చట్రం), బ్రేకు పైపులు టార్చి వేసి చూడండి. పొరలుగా లేచినచోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి. మొన దిగబడితే బేరం అక్కడే ఆపేయండి. అడుగంతా తాజాగా నల్లరంగు కొట్టి ఉంటే ఇంకా అనుమానించాలి.

తర్వాత అడగాల్సింది ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు లయ తప్పకుండా నడిపేది టైమింగ్ బెల్టు ఉందా, టైమింగ్ చైన్ ఉందా అని. 2003 నుంచి వచ్చిన నాలుగు సిలిండర్ల అకార్డ్‌లో చైన్. అదే అకార్డ్ వీ6లో (ఆరు సిలిండర్లది) బెల్టు. క్యామ్రీ వీ6కి 2006 వరకు బెల్టు, 2007 నుంచి చైన్. అకార్డ్ బెల్టుని సుమారు 1,60,000 కిలోమీటర్లకో ఏడేళ్లకో, ఏది ముందొస్తే దానికి మార్చాలి. ఈ అకార్డ్ ఇంజిన్‌లో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులకి తగిలి వంచేస్తాయి, ఇంజిన్ దాదాపు పోయినట్టే. మార్పించేటప్పుడు వాటర్ పంప్, బెల్టుని బిగువుగా పట్టే టెన్షనర్ కూడా కొత్తవి వేయించండి. మళ్లీ అంత విప్పే కూలి రెండోసారి ఎందుకు? మార్చామని నోటిమాటగా చెబితే లెక్కలోకి తీసుకోవద్దు. బిల్లు లేకపోతే మార్చనట్టే.

మొదటి నెల ఖర్చంతా ఆయిళ్ల మీద పెట్టండి. గేర్‌బాక్స్ ఆయిల్‌ని "జీవితకాలం మార్చనక్కర్లేదు" అంటారు గానీ, ఆ జీవితకాలం బండిదా గేర్‌బాక్స్‌దా అన్నది ఎవరూ చెప్పరు. సొంతంగా మార్చే ఓపిక ఉంటే ముందు నింపే బోల్టు విప్పాలి, ఆ తర్వాతే కింది డ్రెయిన్ బోల్టు. తుప్పుతో పై బోల్టు రాకపోతే, ఉన్న ఆయిల్ కాస్తా కార్చేసుకుని బండి కదలకుండా కూర్చోవాల్సి వస్తుంది. కారిన ఆయిల్‌ని గీతలున్న జగ్గులో పట్టి, ఎంత వచ్చిందో కొలిచి అంతే పోయండి. చివరగా మాన్యువల్ చెప్పిన వేడి దగ్గర మట్టం సరిచూడండి. ఒకసారికి మూడో వంతు నుంచి సగం దాకానే మారుతుంది కాబట్టి, మధ్యలో కొన్నాళ్లు నడుపుతూ రెండు మూడుసార్లు చేయాలి. టొయోటాకి డబ్ల్యూఎస్, హోండాకి డీడబ్ల్యూ-1 లాగా మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి.

ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, తగ్గితే కుళాయి నీళ్లు పోసే అలవాటు మనలో చాలామందికుంది. చలిదేశంలో అది మానుకోవాలి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం ఉంటే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. నీళ్లు ఎక్కువైతే గడ్డకట్టి, ఉబ్బి, ఇంజిన్ బ్లాకునే పగలగొట్టగలవు. రంగు ఒకటేనని రెండు రకాలు కలపకండి, కంపెనీకో రంగు. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండు మూడేళ్లకోసారి మార్చాలి.

ఇంజిన్ ఆయిల్ సంగతి వేరు. 2007-2009 నాటి 2.4 లీటర్ల క్యామ్రీలు ఆయిల్ తాగుతాయని పేరు. డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్య దూరం సుమారు ఒక లీటరు. బండిని సమంగా ఉన్నచోట నిలిపి, ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాలకి, రెండు వారాలకోసారి చూడండి. ఎర్రదీపం వెలిగేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం.

ఉప్పు రోడ్లలో బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ జరగడానికి ఉన్న స్లైడ్ పిన్లు బిగుసుకుపోతాయి. అప్పుడు లోపలి ప్యాడ్ అరిగిపోయి, బయటిది కొత్తదానిలా ఉంటుంది. బయటినుంచి చూసి "బాగానే ఉన్నాయి" అనుకునేది ఇక్కడే. ఏడాదికోసారి పిన్లు శుభ్రం చేయించి బ్రేకు గ్రీజు పెట్టించండి. ప్యాడ్ 3 మిల్లీమీటర్లకి దిగితే మార్చేయండి.

టైరు వయసు దాని పక్కగోడ మీదున్న డాట్ (DOT) నంబరు చివరి నాలుగంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14 దరిదాపు చూపాలి.

బండి లోపాల కోడ్‌లు చదివే చవకైన ఓబీడీ స్కానర్ ఒకటి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. పీ0420 కోడ్ వస్తే పొగని శుభ్రపరిచే కెటాలిటిక్ కన్వర్టర్ మార్చమంటారు. అంత ఖర్చుకి ఒప్పుకునే ముందు ఎగ్జాస్ట్ లీకు, ఆక్సిజన్ సెన్సర్ చూపించండి. ఇంజిన్ దీపం స్థిరంగా ఉంటే వారంలోపు మెకానిక్ దగ్గరికి వెళ్లొచ్చు. టపటపా ఆరుతూ వెలుగుతుంటే మిస్‌ఫైర్ జరుగుతోందని (సిలిండర్లో పెట్రోలు సరిగ్గా మండట్లేదని), కాలని పెట్రోలు కన్వర్టర్‌ని కాల్చేస్తోందని అర్థం. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి పక్కకి ఆపండి.

సొట్టలు, గీతలు, పనిచేయని సీటు మోటారు వదిలేయండి. గేర్‌బాక్స్ జారుతున్నా లెక్క వేసుకుని బాగు చేయించుకోవచ్చు. సబ్‌ఫ్రేమ్‌కి గానీ సస్పెన్షన్ బిగించే చోట గానీ తుప్పు చిల్లులు పడితే మాత్రం ఇంజిన్ ఎంత బాగున్నా ఆ బండిలో పిల్లల్ని ఎక్కించకండి.