దేవదూతలు కాని మనుషులు

ప్రశ్న: ‘మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కరలేదు’ అని అమెరికా నాలుగో అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ రాశాడని పాఠంలో చదివాను. మనిషి మీద ఇంత అపనమ్మకం ఉన్నవాడు ప్రజాపాలనను ఎలా సమర్థించాడు? – డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: అమ్మా, మీ పాఠంలో సగం మాటే ఉంది. 1788 ఫిబ్రవరిలో న్యూయార్క్ పత్రికల్లో ‘పబ్లియస్’ అనే మారుపేరుతో వచ్చిన వ్యాసంలోది ఇది. దాని వెంటనే ఉన్న వాక్యం: పాలించేవాళ్లు దేవదూతలైతే ప్రభుత్వానికి పగ్గాలూ అక్కరలేదు. అంటే ప్రజల మీద ఎంత అనుమానమో, ఏలికల మీదా అంతే. పాఠాల్లో ఎప్పుడూ మొదటి సగమే ఎందుకు మిగులుతుందో! ఏలేవాళ్లకు అదే హాయి కాబోలు.

అందుకే ఆయన ఉత్తముల కోసం ఎదురుచూడలేదు. పదవీకాంక్షకు పదవీకాంక్షనే ఎదురు నిలపాలన్నాడు. అమెరికా రాజ్యాంగం చూడండి: కింది సభ అయిన ప్రతినిధుల సభకు పదవీకాలం రెండేళ్లు, ఎగువ సభ సెనేట్ సభ్యుడికి ఆరేళ్లు. బిల్లు రెండు సభలూ దాటాలి. అధ్యక్షుడు తిప్పి పంపితే, రెండు చోట్లా మూడింట రెండు వంతుల ఓట్లు పడితేనే చట్టం. ఒకరి పెత్తనాన్ని మరొకరు ఓర్వలేరు చూడండి, ఆ ఓర్వలేనితనానికే కాపలా పని అప్పగించారు.

అలాగని మనిషిలో మంచే లేదనలేదు. అదే వరుసలోని మరో వ్యాసంలో, నమ్మదగ్గ గుణాలూ మనుషుల్లో ఉన్నాయని, తక్కిన పాలనల కన్నా ప్రజాపాలనకే వాటి అవసరం ఎక్కువని రాశాడు. ఏథెన్సు పౌరులు ఒక్కొక్కరూ సోక్రటీసే అయినా వాళ్ల సభ మాత్రం గుంపే అయ్యేదన్నదీ అందులోనే. టీవీలో చట్టసభల ప్రసారం చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చే మాట అది.

ప్రశ్న: స్వేచ్ఛ గురించి అంత రాసిన మాడిసన్‌కు బానిసలు ఉండేవారట, నిజమేనా? – ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: నిజమే. వర్జీనియాలోని మాంట్‌పెలియర్ ఎస్టేటులో వంద మంది దాకా ఉండేవారు. వాళ్లలో బిల్లీ అనే అతణ్ణి కాంగ్రెసు సభ్యుడిగా ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడు వెంట ఉంచుకున్నాడు. 1783లో తండ్రికి రాసిన ఉత్తరం చదివి తీరాలి. బిల్లీ మనసు ‘చెడిపోయింది’, ఇంటికి తెస్తే తక్కిన బానిసల మధ్య ఇమడడు అంటాడు. ఆ వెంటనే, మనం ఇంత రక్తం ధారపోసి సాధించుకుని, ప్రతి మనిషికీ హక్కేనని చాటిన స్వేచ్ఛను కోరుకున్నందుకు అతణ్ణి శిక్షించలేను అంటాడు. మరి విడిచిపెట్టాడా? లేదు, అమ్మాడు. ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్ర చట్టం ఏడేళ్ల ఊడిగానికి మించి అమ్మనివ్వదు కాబట్టి సరైన ధర రాదన్న బాధ కూడా ఆ ఉత్తరంలోనే కనిపిస్తుంది. గడువు తీరాక బిల్లీ విలియం గార్డ్‌నర్‌గా స్వేచ్ఛగా బతికాడు. అతణ్ణి కాపాడింది పెన్సిల్వేనియా చట్టం, యజమాని మంచితనం కాదు. మాంట్‌పెలియర్‌లో మాడిసన్‌ను అడ్డుకునే రెండో సభ లేదు మరి.

1836లో చనిపోయినప్పుడు వీలునామాలో ఒక్కరికీ విముక్తి ఇవ్వలేదు. వాళ్ల సమ్మతి లేకుండా అమ్మవద్దని మాత్రం కోరాడు. తరువాత అప్పుల్లో పడిన భార్య డాలీ చాలామందిని అమ్మేసింది.