కింద అంగళ్లు, పైన కాపురాలు

చిరంజీవి రవికి, బాబాయి ఆశీస్సులు.

నెల్లూరు ట్రంకు రోడ్డులో పాత మిద్దె తీసేసి కింద అంగళ్లు, పైన రెండంతస్తుల ఇళ్లు కట్టాలని నువ్వు గీయించిన ప్లాను చూశాను. ఎలివేషన్, అంటే ముందు కనిపించే రూపు, తర్వాత చూసుకోవచ్చు. పునాది గుంతలు తీయకముందే కింది అంతస్తు సరిచెయ్యి.

అంగడికి ముందంతా తెరిచి ఉండాలి, ఇంటికి గదిగదికీ గోడ కావాలి. అందుకే ఇలాంటి కట్టడం పైన బిగువుగా, కింద వదులుగా తయారవుతుంది. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో, రెండొందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో కూలిన అపార్టుమెంట్లలో చాలావాటికి కింద పిల్లర్లే తప్ప గోడల్లేవు. నువ్వు కింద 12 అడుగుల ఎత్తు, పైన 10 వేశావు. పిల్లరు సైజు మార్చకుండా అంత ఎత్తు పెంచితే, పక్కకు ఊగకుండా ఆపే బిగువు 40 శాతం దాకా పోతుంది. పైగా నీకు వెనక నిండు గోడ, ముందు మూడు షట్టర్లు. భూమి కదిలితే వెనక బిగుసుకుని, ముందు ఊగి కట్టడం మెలిపడుతుంది.

మేస్త్రి 9 అంగుళాల పిల్లరు చాలంటాడు, గోడలో కలిసిపోతుందని. ఒప్పుకోకు. కనీసం 12 అంగుళాలుండాలి, బీములో 16 మి.మీ. కడ్డీ ఉంటే 13. ముందు వైపుకూ బిగువు రావాలంటే రోడ్డు వైపు రెండు మూలల్లో, రోడ్డుకు సమాంతరంగా మూడేసి అడుగుల కాంక్రీటు గోడలు పునాది నుంచి పై స్లాబు దాకా తెగకుండా వెళ్లాలి. మందం, కడ్డీల లెక్క స్ట్రక్చరల్ ఇంజినీరు చేత వేయించు. ఒక షట్టరు తగ్గుతుంది, తగ్గనీ. బాల్కనీ కోసం బీము మీద పిల్లరు లేపడం మాత్రం వద్దే వద్దు. అంగట్లో అటక స్లాబును కూడా పిల్లరుకు కట్టకు. సగం ఎత్తులో పట్టేస్తే ఆ పొట్టి ముక్కకే బలమంతా వచ్చి అక్కడే పగులుతుంది.

కాంక్రీటు పోసే ముందు రోజు నువ్వే వెళ్లి పిల్లరు నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగులు చూడు. పిల్లరు పైన రెండడుగులు, కింద రెండడుగులు మూడంగుళాలకొకటి ఉండాలి. రింగు కొసన కొక్కెం లోపలికి 135 డిగ్రీలు వంగాలి. కడ్డీలు వంచే బెండర్లు తొందరలో లంబకోణంలో వదిలేస్తారు, అది కుదుపుకు విచ్చుకుంటుంది.

మెట్లు పక్కనుంచి నేరుగా రోడ్డు మీదికి దిగాలి, నాలుగడుగుల వెడల్పున. అంగట్లోంచి అటు తలుపు పెట్టకు. మెట్ల కింద మీటర్లు, ఈ-స్కూటర్ చార్జింగు, అట్టపెట్టెలు చేరనివ్వకు. అక్కడ మంట లేస్తే పొగంతా మెట్లలోకే ఎక్కుతుంది, పైవాళ్లకు మరో దారి లేదు. మీటర్లు బయటి గోడకు పెట్టు, ఇంటివి, అంగళ్లవి వేరుగా.

బాత్రూములన్నీ ఒకదాని మీద ఒకటి వెనక్కి జరుపు. ఇప్పుడు ప్లానులో ఒకటి మధ్య అంగడి నెత్తిన ఉంది. కారితే సరుకు తడుస్తుంది, బాగుచేయాలంటే అంగడి మూయాలి. పైపులకు మనిషి దూరి పనిచేసేలా మూడడుగుల షాఫ్టు వదులు, అడ్డంగా వెళ్లే మురుగు పైపుకు నాలుగడుగులకో అంగుళం వాలు ఇవ్వు.

అంగడి రేపు బిర్యానీ హోటలుకు అడగొచ్చు. పొగగొట్టం మిద్దె పైదాకా పోయేందుకు దారి, కాలువలో కలిసే ముందు జిడ్డు ఆపే తొట్టి ఇప్పుడే పెట్టు. తర్వాత స్లాబు కోయాల్సి వస్తుంది.

మార్చిన ప్లాను పంపు. పిల్లర్ల డ్రాయింగు ముందు పంపు.