మగ్గం పెడుతున్న మా చిన్నికి

చిన్నీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేసి నిజాంపేటలో షాపు అద్దెకు తీసుకున్నావట, రవికెల మీద కుట్టుపనికి రెండు మగ్గాలు పెడుతున్నావట, నలుగురు అమ్మాయిలను పనిలోకి రమ్మన్నావట. చెబుతూ కాసేపు ఏడ్చింది, కాసేపు గొప్పగా చెప్పుకుంది. ఫోన్ పెట్టేశాక నా పరిస్థితీ అదే. తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే సరే" అని కట్ చేస్తావని కాగితం తీసుకున్నాను. నిదానంగా చదువు.

కుట్టు గురించి నీకు నేను కొత్తగా చెప్పేది తక్కువే. గుడ్డ మగ్గానికి బిగించాక వేలితో మీటితే డప్పులా పలకాలి. కొత్త దారం ఏదైనా సరే తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూశాకే పట్టు మీద పెట్టు. ఎర్రదారాన్ని అసలు నమ్మొద్దు. డిజైన్లో నెమళ్ళుంటే రవికె రెండో చేతికి కాగితం తిరగేసి అచ్చు వెయ్యి, లేకపోతే రెండు నెమళ్ళూ ఒకే వైపు చూస్తాయి. టైలరు కుట్టే అంచుల్లో పూసలు పెట్టకు, మిషన్ సూది విరుగుతుంది. మగ్గం మీద సాగదీసిన గుడ్డ విప్పగానే ముడుచుకుంటుంది, బరువు పనైతే మరీనూ. కాబట్టి మెడ కొలత కొంచెం వదులుగానే గీసుకో. అడ్వాన్సు చేతిలో పడకుండా గుడ్డ మీద గీత గియ్యకు.

కంప్యూటర్ వర్కు ఇందులో సగం ధరకే వస్తుంది కదా అనేవాళ్ళు రోజూ వస్తారు. వాళ్ళతో వాదన పెట్టుకోకు, రెండు గుడ్డలూ తిరగేసి చూపించు. మన కొక్కెం సూది, ఆరీ సూదితో కుట్టింది పైన గొలుసుగా ఉంటుంది, వెనక ఒకే దారం వరసగా నడుస్తుంది. కంప్యూటర్ మిషన్ మీద కుట్టినదానికి వెనక బాబిన్ దారం, అంటే కింది కండె దారం, వేరేగా కనిపిస్తుంది. చూసి కూడా అదే కావాలంటే వాళ్ళ ఇష్టం, వెళ్ళనియ్యి.

ఇక కళ్ళు. ఇది మాత్రం రెండుసార్లు చదువు. అమ్మమ్మ చివరి పదేళ్ళు మనుషుల్ని గొంతు బట్టే గుర్తుపట్టేది. నీకప్పుడు చిన్నతనం, ఆమె మసక చూపు నీకు ఆటగా ఉండేది. ఆమె తొమ్మిదో ఏట నుంచి లేసు అల్లింది. 1844 ప్రాంతంలో మిషనరీ దొరసానులు మన నరసాపురం వైపు ఆడవాళ్ళకి ఈ క్రోషా పని నేర్పారని చెబుతారు. అమ్మమ్మ రోజులకి మా వీధిలో ప్రతి అరుగు మీదా అదే పని. ఏజెంటు దారం బంతులు ఇచ్చి వెళ్ళేవాడు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపే అతుకు పని చేసేది ఇంకొకరు. ఏజెంటు మళ్ళీ వచ్చి లెక్కపెట్టుకుని, నాలుగు పువ్వులు బాగాలేవని పక్కకి తోసి, వాటికి డబ్బు కోసి, ఆ పువ్వులు కూడా సంచిలోనే వేసుకుపోయేవాడు. అమ్మమ్మ అల్లిన లేసు ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో ఆమెకి తెలియదు. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న ముద్ర, వచ్చిందని టీవీలో చెబుతుంటే నాకు ఆమే గుర్తొచ్చింది. బతికుంటే "అల్లేవాళ్ళకి రేటు పెంచారా?" అని అడిగేది.

అందుకే పొద్దున వెలుగులో సన్నపని, మధ్యాహ్నం నింపుడు పని పెట్టుకో. నల్లగుడ్డ మీద నల్లపూసలు దీపం పెట్టాక వద్దే వద్దు. కాసేపటికోసారి తల ఎత్తి రోడ్డు చివర దాకా చూడు. నీకే కాదు, ఆ నలుగురికీ చెప్పు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

2008లో, మాఘమాసం. పాలకొల్లులో మన పాత ఇంటి ముందుగదిలో నాకు ఒకటే మగ్గం ఉండేది. మా వీధి చివరి అమ్మాయి ఒకతి నా దగ్గర చేసేది, పంతొమ్మిదేళ్ళు ఉంటాయి. ఆ పిల్ల చెయ్యి నా చెయ్యి కంటే సన్నం. జర్దోసీ తీగ ముక్కలు కత్తిరించి ఆకు నింపితే ఎక్కడ మొదలుపెట్టిందో కనిపించేది కాదు. ఒక పెళ్ళివారి రవికె, మీగడ రంగు పట్టు, వీపు మీద కమలం. పెళ్ళి నాలుగు రోజులుందనగా పెళ్ళికూతురి తల్లి వచ్చి చేతుల మీద కూడా నిండుగా పని కావాలంది. అయిపోతుందండీ అన్నాను. ఆ అమ్మాయి అక్కడే మగ్గం ముందు కూర్చుని ఉంది. ఆమెని అడగలేదు, కనీసం ఆమె వైపు చూడలేదు.

రెండు రాత్రులు కూర్చున్నాం. కరెంటు పోతే ఎమర్జెన్సీ లైటు పెట్టుకున్నాం. రెండో రాత్రి తెల్లవారుజామున ఆరీ సూది గుడ్డలోంచి దిగి ఆమె ఎడమచేతి వేలిలో గుచ్చుకుంది. దానికి కొక్కెం ఉంటుంది కదా, లాగితే రాదు. ఆ పిల్ల అరవలేదు, "అక్కా" అంది. గుడ్డ మీద చిన్న ఎర్రచుక్క.

నేను ముందు గుడ్డ వైపు చూశాను చిన్నీ.

వేలు తర్వాత చూశాను. ఆ మధ్య ఒక క్షణమే గడిచి ఉంటుంది. కానీ ఆమె నా ముఖమే చూస్తూ ఉంది. తనే సూది మెల్లగా తిప్పి తీసుకుంది. ఎవరి రక్తానికి వాళ్ళ ఉమ్మే మందని మేం అనుకునేవాళ్ళం. తెల్లదారం నోట్లో తడిపి, ఆ చుక్క మీద అద్ది అద్ది మరక తీసేసింది. ఆ తర్వాతే వేలికి గుడ్డ చుట్టుకుంది. పొద్దున ఆర్‌ఎంపీ దగ్గరికి ఒక్కతే వెళ్ళి ఇంజెక్షన్ చేయించుకుని, మళ్ళీ వచ్చి పని ముగించింది.

పెళ్ళివారు మెచ్చుకుని 1,800 ఇచ్చారు. ఆ అమ్మాయికి నేను ఒప్పుకున్నది 400. మరక చుట్టూ కొన్ని పూసలు ఊడదీసి మళ్ళీ కుట్టాల్సి వచ్చిందని 50 కోసి 350 చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకుంది, వెళ్ళింది. అరుగు మీద అమ్మమ్మ వింటోంది. కళ్ళు కనిపించకపోయినా చేతిలో క్రోషా సూది ఆడుతూనే ఉంది. "ఏజెంటు కూడా ఇలాగే కోసేవాడే" అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. వారం తర్వాత వాళ్ళింటికి వెళ్ళి 50, దాంతో పాటు ఇంజెక్షన్ డబ్బులు, రెండు రాత్రుల కూలీ కలిపి ఇచ్చాను. తీసుకుంది, మంచినీళ్ళిచ్చింది. పనికి మాత్రం మళ్ళీ రాలేదు. తర్వాత పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఆమె చేతి పని లాంటిది నా మగ్గం మీద మళ్ళీ పడలేదు. కానీ నన్ను ఇప్పటికీ పీకేది పని పోయిందని కాదు. అమ్మని అలా దోచుకున్నవాడిని చూస్తూ పెరిగి, నా గుమ్మంలో నేనే వాడిలా నిలబడ్డాను.

అందుకే నీ షాపు, నీ నలుగురు అనగానే నా గుండె దడదడలాడింది. శ్రావణంలో, మాఘంలో ఫోన్లు ఆగవు. ఎవరు తేదీ అడిగినా "మా అమ్మాయిలను అడిగి సాయంత్రం చెబుతానండీ" అను. నిజంగా అడుగు కూడా. కుదరదంటే ఆర్డరు వదులుకో, ఆ పెళ్ళి ఏమీ ఆగిపోదు. ఒక నోటుబుక్ పెట్టి ఎవరు ఏ పువ్వు కుట్టారో వాళ్ళ పేరుతో రాసుకో. శనివారం శనివారం డబ్బు ఇచ్చెయ్యి, కస్టమరు నీకు ఇచ్చినా ఇవ్వకపోయినా. సూది గుచ్చుకుంటే ఆ ఖర్చు నీది. రాత్రి తొమ్మిది దాటితే షట్టరు దించు. ఈ మాత్రం చెయ్యలేనంటే ఇప్పుడే ఆ అద్దె అడ్వాన్సు వదులుకుని ఉద్యోగానికి తిరిగి వెళ్ళు, నేను మీ అమ్మకి సర్దిచెబుతాను.

కోప్పడుతున్నానని అనుకోకు. ఏడేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో వచ్చి నా మగ్గం కింద దూరి వెల్లకిలా పడుకునేదానివి. పైనుంచి సూది కొస దిగడం, దారం అందుకుని పైకి పోవడం గంటలు గంటలు చూసేదానివి. కింద పడ్డ పూసలన్నీ ఏరి గుప్పిట్లో పెట్టుకుని, "ఇవి నావి" అని ఏడ్చేదానివి. మన ఇంట్లో ఈ పని ఎవరికైనా అబ్బితే నీకే అబ్బుతుందని అప్పుడే అనుకున్నాను. అనుకుని భయపడ్డాను కూడా.

రేపు బస్సు పార్సిల్లో నా పాత ఆరీ సూదులు రెండు, అమ్మమ్మ క్రోషా సూది పంపిస్తున్నాను. సున్నుండల డబ్బా కూడా ఉంటుంది, అరవై ఉన్నాయి. అది ఇంటికి తీసుకెళ్ళకు, షాపులోనే మగ్గం పక్కన పెట్టు. ఆ పిల్లలు నాలుగు గంటలకి ఆకలితో ఉంటారు.

మీ పెద్దమ్మ